శ్రమల కాలం: ఒక మాట, రెండు అర్థాలు

కొన్నేళ్ళ కిందట మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెట్టడం సమంజసమని భావిస్తున్నాం. ఆమె పూర్వీకులు కోలారు బంగారు గనుల పనికి వచ్చి అక్కడే స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు. తెలుగు చదవడం ఆమెకు బైబిలు ద్వారా, కీర్తనల పుస్తకం ద్వారా వచ్చింది. ఆ సంవత్సరం తమ చర్చి గోడకు అంటించిన "శ్రమల కాల ప్రత్యేక కూడికలు" అనే కాగితం చూసి ఆమెకు సందేహం కలిగింది. "శ్రమ అంటే కష్టపడి పనిచెయ్యడం కదండీ? శ్రమల కాలం అంటే పనులెక్కువగా ఉండే కాలమా? కాని ఆ రోజుల్లో మేము చేసే పనేముంది? పాటలు, ప్రార్థనలు, ఏడుపులే కదా?" అని అడిగింది.

తరగతి నవ్వింది. మేమూ నవ్వాం. "ఇక్కడ శ్రమ అంటే బాధ, క్రీస్తు పడ్డ బాధలు" అని సరిదిద్ది పాఠంలోకి వెళ్ళిపోయాం. ఆ సరిదిద్దడం తొందరపాటని తరవాత తోచింది. ఒక మాటకు వాడుకలో ఉన్న అర్థం, మతగ్రంథంలో నిలిచిన అర్థం విడిపోయినప్పుడు ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని తీర్పు చెప్పడం భాషాశాస్త్రవేత్త పని కాదు. పైగా ఆ అమ్మాయి ప్రశ్నలో రెండో భాగానికి మేము జవాబే చెప్పలేదు. ఆ రోజుల్లో మనిషి చేసే పని ఏమిటి? ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం. మేము దీనిని విశ్వాస ప్రచారంగా రాయడం లేదు, విశ్వాస ఖండనగానూ రాయడం లేదు. తెలుగు మాటలు ఈ ఆచారాలకు ఏ అర్థాన్ని ఇచ్చాయో, ఏ అర్థాన్ని దాచాయో పరిశీలించడం మా ఉద్దేశం.

పేర్లలోని తేడా

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను తెలుగు ప్రొటెస్టెంట్లు శ్రమల కాలం లేదా శ్రమల దినాలు అంటారు. కతోలికులు తపస్సు కాలం అంటారు. ఇంగ్లీషు పేరు లెంట్. అది వసంతాన్ని సూచించే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. పగళ్ళు పొడుగయ్యే రుతువని భావం. అందులో మతార్థం ఏదీ లేదు. లాటిన్ పేరు క్వాడ్రజెసిమా, అంటే నలభయ్యవది. యానాం పెద్దల నోట వినవచ్చే ఫ్రెంచి మాట కారెమ్ దాని నుంచి పుట్టినదే. తమిళ కతోలికులు తవక్కాలం అంటారు; అది మన తపస్సు కాలమే. మలయాళంలో నోంబు అనే మాట ఉంది.

ఇంగ్లీషు రుతువును బట్టి, లాటిన్ లెక్కను బట్టి పేరు పెట్టాయి. తెలుగు అర్థాన్ని బట్టి పేరు పెట్టింది, అదీ రెండు విధాలుగా. శ్రమల కాలం అన్నప్పుడు దృష్టి క్రీస్తు మీద ఉంటుంది: ఆయన పడ్డవి శ్రమలు, మనం వాటిని తలచుకుంటాం. తపస్సు కాలం అన్నప్పుడు దృష్టి భక్తుడి మీద ఉంటుంది: చేయవలసినది మనం. ఒక పేరులో ఆయన కర్త, ఇంకో పేరులో మనం కర్తలం. ఐరోపాలో 16వ శతాబ్దిలో జరిగిన పెద్ద వాదమంతా, మనిషిని నిలబెట్టేది దేవుని కృపా, మనిషి క్రియలా అన్న ప్రశ్న అంతా, తెలుగులో ఈ రెండు పేర్ల మధ్య దాగి ఉందనవచ్చు.

మాటల మూలాల్లోకి వెళ్తే మాత్రం ఈ గోడ అంత గట్టిగా నిలవదు. సంస్కృతంలో శ్రమ ధాతువుకు అలసిపోవడం, ప్రయాసపడడం, వ్రతనిష్ఠతో శరీరాన్ని కష్టపెట్టడం అనే అర్థాలున్నాయి. శ్రమణుడు, ఆశ్రమం అనే మాటలు ఆ ధాతువువే. బ్రాహ్మణ గ్రంథాలలో ప్రజాపతి సృష్టికి ముందు శ్రమించాడు, తపించాడు అని రెండు క్రియలూ జంటగా రావడం తరచు కనబడుతుంది. అంటే మన రెండు క్రైస్తవ శాఖలు పంచుకున్న రెండు మాటలూ పూర్వం ఒకే వాక్యంలో పక్కపక్కన నడిచినవే.

ద్రావిడ మాటలలోనూ ఇదే తీరు. క్రీస్తు బాధలను తమిళంలో పాడుగళ్ అంటారు. పడు అనే క్రియ నుంచి వచ్చినది. కన్నడంలోనూ పాడు ఉంది. తెలుగులో దీనికి సోదర శబ్దం పాటు. "ఎన్ని పాట్లు పడ్డాడో" అంటే బాధలు. "పిల్లల కోసం పాటుపడ్డాడు" అంటే పనిచేశాడు. ఒక్క మాటలోనే భరించడమూ ఉంది, శ్రమించడమూ ఉంది. మలయాళపు నోంబుకు, తమిళపు నోన్బుకు మూలమైన నోల్ ధాతువుకు కూడా ఓర్చుకోవడం, వ్రతం పట్టడం రెండూ అర్థాలే. మన నోము, నోచుకోవడం ఆ కుటుంబంలోవే. తెలుగు క్రైస్తవులు నోము అనే మాటను ఈ కాలానికి తీసుకోలేదు. ఆడవాళ్ళు పట్టే వ్రతాలతో, వాటి దేవతలతో అది పూర్తిగా ముడిపడి ఉంది మరి. ఫ్రెంచిలో పని అనే అర్థంలో వాడే త్రావాయ్ అనే మాట కూడా ఒక చిత్రహింస సాధనం పేరు నుంచి వచ్చిందని నిరుక్తకారులు చెబుతారు. బాధకు, పనికి ఒకే మాట ఉండడం ఒక్క తెలుగు వింత కాదన్నమాట.

ఆధునిక తెలుగులో శ్రమజీవి, శ్రమశక్తి, శ్రమదానం వంటి మాటలు 20వ శతాబ్దిలో బలపడి, పని అనే అర్థం పైకి వచ్చింది. బైబిలు తెలుగులో బాధ అనే అర్థం అలాగే ఉండిపోయింది. మా విద్యార్థిని ఆ రెండు తెలుగుల మధ్య నిలబడి ప్రశ్న అడిగింది.

నలభై ఎందుకు?

విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆదివారాలు ఆరు తీసివేస్తే 40. ఆదివారం పునరుత్థాన దినం గనుక దుఃఖానికి, ఉపవాసానికి చెల్లదని సంప్రదాయం. క్రీ.శ. 325లో జరిగిన నైసియా సభ నియమాలలో అయిదవదానిలోనే ఈ నలభై దినాల ప్రస్తావన ఉంది. యేసు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసముండడం, మోషే కొండమీద అన్ని రోజులే గడపడం, ఏలీయా అన్ని రోజులే నడిచి హోరేబు చేరడం ఈ లెక్కకు ఆధారాలు.

తొలి శతాబ్దాలలో ఈ కాలానికి సామాజికమైన పని ఒకటి ఉండేది. ఈస్టరు రాత్రి బాప్తిస్మం పొందబోయేవాళ్ళను సంఘం సిద్ధపరిచేది. తప్పుచేసి సంఘానికి దూరమైనవాళ్ళను తిరిగి చేర్చుకునేది. కొత్తవాడు లోపలికి రావాలి, పోయినవాడు తిరిగి రావాలి; వాళ్ళతోపాటు మిగిలినవాళ్ళూ ఉపవాసముండేవారు. ఇప్పటిలా ఎవరి నియమం వాళ్ళది అన్నట్టు కాక, తలుపు తీసి ఉంచడం కోసం అందరూ కలిసి చేసే ఏర్పాటుగా ఉండేది. ఈ విషయం గుర్తుంచుకుంటే తరవాత చెప్పబోయే ఆచారాలు సులువుగా అర్థమవుతాయి.

విభూది, భస్మం, బూడిద

మొదటి ఆచారం బూడిద. అంతకుముందు సంవత్సరం మట్టల ఆదివారం నాడు దీవించిన మట్టలను కాల్చి ఆ బూడిదను నుదుట సిలువ ఆకారంలో రాస్తారు. మనిషి మన్నే, మన్నుకే తిరిగి పోతాడు అనే ఆదికాండపు మాటను గుర్తుచేస్తారు. ఆ మట్టలు ఎందుకు పట్టుకున్నారు? రాజు వస్తున్నాడని జయజయధ్వానాలు చేయడానికి. నిరుటి జయధ్వానం ఈ ఏటి బూడిద.

దీనికి తెలుగులో మూడు పేర్లు వినబడతాయి: విభూది బుధవారం, భస్మ బుధవారం, బూడిద బుధవారం. మూడింటి స్థాయి వేరు. విభూది అంటే ఐశ్వర్యం, మహిమ. శైవుల ద్వారా పవిత్ర భస్మం. భస్మం శిష్టపదం, వైద్యుడి సీసాలో కూడా ఉంటుంది. బూడిద పొయ్యిలోది. "బూడిదలో పోసిన పన్నీరు" అనేటప్పుడు మనకు తెలిసిన విలువ దానిది. తమిళంలోనూ తిరునీట్రుప్ పుదన్, సాంబల్ పుదన్ అని ఇటువంటి జంటే ఉంది.

కతోలికులు విభూది అన్న మాటను ఎంచుకోవడంలో ఒక సాహసం ఉందని మేము అనుకుంటాం. ఎదుటివాడి పవిత్ర పదాన్ని తీసుకుని, దాని గౌరవాన్ని ఉంచుకుని, తమ అర్థాన్ని అందులో పెట్టారు. శైవుని నుదుటి మీద విభూది వైరాగ్యానికి, శివానుగ్రహానికి గుర్తు. క్రైస్తవుని నుదుటి మీద అది మరణానికి, పశ్చాత్తాపానికి గుర్తు. రెండూ ఒకటేనని చెప్పడం రెండు మతాలకూ అన్యాయం. కాని ఇక్కడ ఒక నష్టాన్నీ గమనించాలి. విభూది అన్నప్పుడు చెవికి మహిమ వినబడుతుంది. ఆచారం చెప్పదలచినది పొయ్యిలోని బూడిద. అబ్రాహాము దేవుని ఎదుట తనను తాను ధూళిగా, బూడిదగా చెప్పుకున్నప్పుడు అందులో మహిమ ఏమీ లేదు. ఆ కోణంలో చూస్తే ఇంటి మాట బూడిదే ఆచారానికి దగ్గరిది.

ఉపవాసం, పస్తు

రెండవ ఆచారం ఉపవాసం. తిండి లేకుండా ఉండడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో విద్యార్థులు ఒకసారి లెక్కపెట్టుకోవాలి. దేవుని కోసం మానేస్తే ఉపవాసం. ఒకపూట మాత్రమే తింటే ఒక్కపొద్దు. జబ్బు చేసి మానేస్తే లంకణం. లేక మానేస్తే పస్తు. నాలుగింటిలోనూ కడుపు ఖాళీయే. కారణాన్ని బట్టి మాట మారుతుంది. ఉపవాసం అనే సంస్కృత పదానికి దగ్గరగా వసించడం అని అర్థం. తిండి మానడం అనే అర్థం ఆ అక్షరాలలో ఎక్కడా లేదు. ఎవరి దగ్గర అన్నది అసలు ప్రశ్న.

కతోలిక ధర్మశాస్త్రం 1983 సంహిత ప్రకారం కఠిన ఉపవాసం విభూది బుధవారం, శుభ శుక్రవారం రెండే రోజులు. 18 ఏళ్ళు నిండినవారికి మొదలు 60వ ఏడు వచ్చేదాకా వర్తిస్తుంది. మాంసం మానే నియమం 14 ఏళ్ళు నిండినవారందరికీ. తెలుగు ప్రొటెస్టెంటు ఇళ్ళలో రాసిన నియమం లేకపోయినా, ఈ నలభై రోజులు మాంసం ముట్టనివారు, శుక్రవారాలు పగలంతా తినకుండా సాయంకాలం కూడికకు వెళ్ళేవారు ఎందరో ఉన్నారు.

మా చర్చకు ముఖ్యమైన విషయం ఇక్కడుంది. తెలుగు క్రైస్తవులలో చాలామంది పూర్వీకులు ఉపవాసం కంటె ముందు పస్తును ఎరిగినవారు. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీల్చిన కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వే గుత్త తీసుకుని మాల మాదిగ పల్లెలవారికి పని కల్పించాడు. ఆ పని, ఆ సహాయం సాగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని. సహాయం ముగిసిన తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ జనం తట్టలతో మన్ను మోసినవారు. శ్రమ అంటే పని అనీ, శ్రమ అంటే బాధ అనీ వాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అటువంటివారి మనుమలకు ఉపవాసం గురించి ప్రసంగించేవాడు ఏమి చెప్పాలి? ఆకలి పుణ్యమని చెబితే వాళ్ళ పెద్దల పస్తును పొగిడినట్టవుతుంది. యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఈ చిక్కును సూటిగా విడదీస్తుంది. మేము ఉపవాసముంటే నీవెందుకు చూడవు అని జనం దేవుణ్ణి అడుగుతారు. మీరు ఉపవాసముండే రోజునే పనివాళ్ళను పీడిస్తున్నారు గనుక అన్నది జవాబు సారాంశం. కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడం, బట్టలేనివాడికి బట్ట ఇవ్వడమే కోరిన ఉపవాసమని ప్రవక్త అంటాడు. మన మాటల్లో చెప్పాలంటే, ఒకరి ఉపవాసం వేరొకరి పస్తును తీర్చాలి. అలా తీర్చనిది లంకణంతో సమానం. ఒంటికి మంచిది కావచ్చు, అంతకుమించి ఏమీ లేదు.

తెలుగు సంఘాలలో స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే తీసిపెట్టే అలవాటు ఉండేది. ప్రసంగం వినని ఇల్లాలు కూడా యెషయాను ఆ విధంగా అర్థం చేసుకుందని మా అభిప్రాయం.

ధర్మం, వేషం, మనస్సు

విభూది బుధవారం పూజలో చదివే సువార్త మత్తయి 6వ అధ్యాయం. అందులో మూడు పనులున్నాయి: ధర్మం చేయడం, ప్రార్థించడం, ఉపవాసముండడం. మూడింటికీ ఒకే షరతు, నలుగురూ చూడాలని చేయకూడదు. ఈ భాగంలో తెలుగు అనువాదకుల ఎంపికలు మెచ్చదగినవి.

ఇంగ్లీషులో ఆమ్స్ అన్నచోట తెలుగులో ధర్మము అని వేశారు. హీబ్రూలో ౘెదాకా అనే మాటకు న్యాయం, దానం రెండూ అర్థాలు. మన ధర్మానికీ అంతే: ధర్మశాస్త్రంలోనూ ధర్మం ఉంది, "ధర్మం చేయండి బాబూ" అనే కేకలోనూ ధర్మం ఉంది. దానం అంటే ఇచ్చేవాడి గొప్పతనం మిగిలిపోతుంది. ధర్మం అంటే ఇవ్వవలసినది ఇచ్చాడని అర్థం. ఇంగ్లీషు ద్వారా ఈ సువార్త చదివేవారికి దక్కనిది తెలుగు చదువరికి దక్కుతుంది.

నలుగురి కోసం చేసేవాళ్ళను ఏమనాలి? గ్రీకులో హుపోక్రితేస్, అంటే రంగస్థలం మీద పాత్ర కట్టినవాడు. తమిళ అనువాదం మాయక్కారర్ అన్నది. కన్నడం కపటిగళు అన్నది. మరాఠీ ఢోంగీ అన్నది. మూడూ మోసాన్ని పట్టుకున్నాయి, నాటకాన్ని వదిలేశాయి. తెలుగు వేషధారులు అన్నది. వీధి భాగవతం చూసినవాడికి ఈ మాట ఎంత సూటిగా తగులుతుందో చెప్పనక్కరలేదు. వేషధారి చెడ్డవాడు కానక్కరలేదు; రాత్రంతా ధర్మరాజుగా ఆడి తెల్లారి రంగు కడుక్కునేవాడు. నలభై రోజుల భక్తికి ఉన్న ప్రమాదం అదే.

ఇక మొత్తం కాలానికి గమ్యమైన మాట మెటనోయా. హీబ్రూలో దీని వెనక షూబ్ అనే క్రియ ఉంది. తిరగడం, తిరిగి రావడం. తమిళంలో మనందిరుంబుదల్, మనస్సు తిరగడం, హీబ్రూకు దగ్గరిది. మరాఠీలో పశ్చాత్తాప్, జరిగినదానికి తరవాత కలిగే బాధ, లాటిన్ ధోరణి. తెలుగులో మారుమనస్సు, గ్రీకు మాటకు అచ్చంగా సరిపోయే కూర్పు. నాలుగు ఊళ్ళలో పెరిగే మన విద్యార్థులు ఈ మూడు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడగలరు. తెలుగునాట పెరిగిన విద్యార్థికి లేని వసతి ఇది.

అయితే మారు అనే తెలుగు మాటలో ఒక మెలిక ఉంది. మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్నప్పుడు మారు అంటే వేరే, బదులు అని అర్థం. మారుమనస్సు అన్నా మనస్సు మార్పు అనే కాక, ఒకదానికి బదులు పెట్టుకున్న ఇంకో మనస్సు అని కూడా వినబడగలదు. మారువేషం తీసేయవచ్చు, మారుమనస్సు తీసేయగలిగినదైతే అది వేషమే. అనువాదకులు ఇది ఉద్దేశించి ఉండరు. కాని మాట ఇచ్చే హెచ్చరికను వదులుకోవడం ఎందుకు?

చూసేవాళ్ళు, మోసినవాడు

శుభ శుక్రవారం నాటి ఏడు మాటల ఆరాధన తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలలో ముఖ్యమైనది. సిలువ మీద యేసు పలికినట్టు సువార్తలలో ఉన్న ఏడు మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని మూడు గంటలపాటు ధ్యానిస్తారు. ఈ ఆరాధన పద్ధతిని 17వ శతాబ్ది చివర పెరూ దేశపు లీమా నగరంలో అలొన్సో మెస్సియా అనే యేసుసభ గురువు ప్రారంభించాడని చెబుతారు. కతోలిక ఆచారాలను దూరంగా ఉంచే సంఘాలు కూడా ఒక జెసూటు కూర్చిన ధ్యానాన్ని తమదిగా చేసుకోవడం గమనార్హం. కతోలికుల సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలు. ఆ సంఖ్య 18వ శతాబ్దిలో స్థిరపడింది.

ఈ రెండింటికీ తెలుగులో తోడైనది పాట. 1803లో ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి తెలుగులో కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి మొదలుగా ఎందరో రాసిన పాటలు రాగతాళాల పేర్లతో సహా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరాయి. ఒడిశాలోని మన విద్యార్థులు ఆయనను తమవాడిగా చెప్పుకోవచ్చు. భాష ఇంటిది కాకపోయినా పాట ఇంటిదవుతుందనడానికి ఆయన సాక్ష్యం.

మా విమర్శ ప్రసంగాల మీద. గాయాలు, కొరడాలు, మేకులు వరుసగా వర్ణించి జనాన్ని ఏడిపించడం శుభ శుక్రవారపు ప్రసంగానికి కొలతగా మారింది. ఎక్కువ ఏడిపించినవాడు గొప్ప ప్రసంగీకుడు. కన్నీరు అబద్ధమని మేము అనడం లేదు. కాని సిలువ మార్గంలో ఎనిమిదవ స్థలం ఏమిటి? ఏడుస్తూ వెంట వస్తున్న యెరూషలేము స్త్రీలతో యేసు, తన కోసం ఏడవవద్దని, తమ కోసం, తమ పిల్లల కోసం ఏడవమని చెప్పిన స్థలం. లూకా సువార్త రాసిన ఆ మాట మన ప్రసంగాలలో చాలావాటికి ముందే రాసిన సమీక్ష. శ్రమలను చూసి ఏడవడంతో శ్రమల కాలం పూర్తయితే భక్తుడు ప్రేక్షకుడుగా మిగిలిపోతాడు. వేదిక మీద వేషధారి, కింద ప్రేక్షకుడు, అంతే తేడా.

ఈ కాలాన్నే పాటించనివారి వాదాన్నీ వినాలి. 1522లో జూరిక్ నగరంలో ముద్రాపకుడు ఫ్రొషావర్ ఇంట్లో లెంటు రోజుల్లో కొందరు మాంసం తిన్నారు. జ్వింగ్లీ వారిని సమర్థించాడు. వాక్యంలో లేని ఉపవాసాన్ని విశ్వాసి మీద మోపే హక్కు ఎవరికీ లేదని ఆయన వాదం. మన తెలుగు సంఘాలలోనూ కొన్ని ఆ కారణంగానే ఈ నలభై రోజులను ప్రత్యేకించి పాటించవు. రోజులను బట్టి భక్తి పెరగడం తగ్గడం వేషమేనని వాళ్ళ అనుమానం. అనుమానం న్యాయమైనదే. అయితే రోజు నిర్ణయించుకోని పని చాలామంది చేతుల్లో జరగకుండానే పోతుందన్నదీ అంతే నిజం. నాట్లకు రుతువు ఉన్నంత మాత్రాన రైతు వేషధారి కాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. సిలువ మార్గంలో అయిదవ స్థలం కురేనీయుడైన సీమోనుది. అతడు శిష్యుడు కాడు. యేసును ఎరుగుదునని చెప్పుకున్నవాడు కాడు. పల్లె నుంచి వస్తూ దారిన పోతున్నవాడు. సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. అక్కడ మత్తయి వాడిన గ్రీకు క్రియ ప్రభుత్వం బలవంతంగా చేయించుకునే పనికి వాడే మాట. దానికి తెలుగులో సరైన మాట మనకు బాగా తెలుసు: వెట్టి. సీమోను చేసినది వెట్టి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఏడ్చినవాళ్ళున్నారు, ఎగతాళి చేసినవాళ్ళున్నారు, దూరంగా నిలబడి చూసినవాళ్ళున్నారు. ఆ బరువు కొంతసేపైనా తగ్గించినవాడు ఈ ఒక్కడు. క్రీస్తు శ్రమలలో ఒక మనిషి పడ్డ శ్రమ అది, అచ్చంగా గనిపనివాళ్ళ మనుమరాలికి తెలిసిన అర్థంలో.

కనుక ఆమె చదివినదీ సరైన పాఠమే. శ్రమల కాలంలో పని ఉంది. ఎవరి బరువు ఎక్కడ మోయాలో చూసుకోవడం ఆ పని. నుదుటి బూడిద, ఖాళీ కడుపు, ఇచ్చిన పిడికెడు, పాడిన కీర్తన అందుకు సిద్ధం చేస్తే వాటికి అర్థముంది. శ్రమల కాలం, తపస్సు కాలం అనే రెండు పేర్లు ఆ చోట కలుస్తాయి.

చివరగా విద్యార్థులకు ఒక పని అప్పగించదలచాం. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు ఈ రోజులను ఏమంటారు? బూడిద అంటారా, విభూది అంటారా? ఉపవాసమా, ఒక్కపొద్దా? తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ మాటలు ఎక్కడ కలిశాయి? క్రైస్తవులు కానివారు పక్కింటివారి ఈ ఆచారాలకు ఏ పేరు పెట్టారు? అడిగి, విన్నది విన్నట్టు రాసి మాకు పంపండి. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. తప్పుగా వాడుతున్నారని అనిపించిన మాటను మాత్రం దిద్దకండి. మేము ఒకసారి దిద్ది, దానికి ఇన్ని పేజీల సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.